పసుపు మరకకి సబ్బు పెడితే ఎర్రగా మారింది, ఎందుకు?

పెద్దల్లుడు:
మొన్న మరదలి పెళ్ళిలో పెద్దల్లుడి హోదాలో పప్పు బకెట్టు పట్టుకుని బంతిలోకి దిగాను. మూడో విస్తరి దగ్గరే బకెట్టు ఒరిగింది. తెల్ల పంచె మీద జానెడు మరక. పంచె నాదైతే ఇంత బాధ లేదు, మామగారిది. ఎవరూ చూడకుండా పెరట్లోకి పోయి బట్టల సబ్బుతో రుద్దితే, రుద్దిన చోటల్లా ఎర్రబడింది. అచ్చం నెత్తురు మరకలా! హడలిపోయి నాలుగు చెంబులు నీళ్ళు గుమ్మరిస్తే మళ్ళీ పసుపు తేలింది. మళ్ళీ సబ్బు పెట్టాను, మళ్ళీ ఎరుపు. నేను బీకాం. పదో తరగతి సైన్సులో లిట్మస్ అన్న మాట తప్ప ఏదీ గుర్తులేదు. పంచె ప్రస్తుతం నా సూట్‌కేసు అడుగున ఉంది. ఇదేం విడ్డూరం, ఇది పోయే దారేమిటి?

తెల్లకోటు:
బాత్రూం యాసిడ్ రెండు చుక్కలు వేయండి. పోకపోతే బ్లీచింగ్ పౌడర్ కూడా కలిపి కొట్టండి, దెబ్బకి పోతుంది.

పాత సైన్సు మాస్టారు:
అల్లుడుగారూ, ముందు ఆ పై సలహా మర్చిపోండి. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, నూలు బట్టని చివికిస్తుంది. దానికి బ్లీచింగ్ తోడైతే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర ఊరి దగ్గర సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. పంచె కోసం అంత యుద్ధం అక్కర్లేదు.

మీ పెరట్లో జరిగింది నేను ముప్పై ఏళ్ళు ఎనిమిదో తరగతికి చేసి చూపించిన ప్రయోగమే. ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే లిట్మస్ కాగితాలు మా బడికి వచ్చిన ఏళ్ళు తక్కువ, రాని ఏళ్ళు ఎక్కువ. చెంచాడు పసుపు నీళ్ళలో కలిపి, తెల్ల కాగితం ముక్కలు ముంచి, కిటికీ చువ్వలకి ఆరేసేవాణ్ణి. పసుపులో కుర్కుమిన్ అనే రంగు పదార్థం ఉంది. నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ, మామూలు నీళ్ళు, వీటిలో దేనికీ దాని రంగు మారదు. ఆమ్ల, క్షార గుణాలని కొలిచే అంకె పీహెచ్, 7 అంటే తటస్థం. అది 8 దాటి క్షారం వైపు వెళ్ళిందా, పసుపు ఎర్రబడుతుంది. బట్టల సబ్బు నీళ్ళు 9, 10 దాకా ఉంటాయి. ఆ అంకె ఒకటి పెరిగితే క్షార గుణం పదింతలు పెరిగినట్టు, కాబట్టి 7 నుంచి 9కి వెళ్ళడమంటే నూరింతలు. మీరు నీళ్ళు గుమ్మరించినప్పుడు క్షారం కొట్టుకుపోయింది, రంగు వెనక్కి వచ్చింది. మరక అక్కడే ఉంది, వేషం మార్చిందంతే.

పెళ్ళివారింట్లో ఉన్నారుగా, పారాణి, వసంతం, హారతి ఎర్రనీళ్ళు చూసే ఉంటారు. అన్నీ పసుపులో సున్నమే. బజ్జీల పిండిలో పసుపు పడి, వంట సోడా సరిగ్గా కలవకపోతే అక్కడక్కడా ఎర్రచుక్కలు కనబడేది కూడా ఇందుకే. అదే కుంకుడు రసంతో ఉతికి చూడండి, ఎర్రబడదు. దాన్లో నురగ సబ్బులాగే ఉన్నా గుణం కొంచెం ఆమ్లం వైపు.

ఇక్కడే పిల్లలు తికమకపడేవారు. ఆమ్లమూ క్షారమూ కలిస్తే లవణమూ నీరూ వస్తాయి, లవణం తటస్థం అని బట్టీ పట్టి వస్తారు. ఉప్పునీళ్ళలో కాగితం ముంచితే మారదు, సరే. చాకలి సోడాలో ముంచితే ఎర్రగా మారి కూర్చుంటుంది. అదీ లవణమే కద సార్ అని ఒక పిల్ల నిలదీసింది. నిజమే. ఉప్పు బలమైన ఆమ్లానికీ బలమైన క్షారానికీ పుట్టింది, సరిసమానం. చాకలి సోడా బలమైన కాస్టిక్ సోడాకీ నీరసపు కార్బోనిక్ ఆమ్లానికీ పుట్టింది, క్షారం వైపే మొగ్గుతుంది. పటిక దానికి తిరగబడి, అదీ లవణమే కానీ నీళ్ళలో ఆమ్లం వైపు లాగుతుంది.

పంచె సంగతి. ఎర్రబడితే భయపడకుండా సబ్బు పెట్టి తాలింపు నూనె జిడ్డు వదిలించండి, బాగా జాడించండి, తడి తడిగానే మిట్టమధ్యాహ్నపు ఎండలో మరక పైకి వచ్చేలా పరవండి. కుర్కుమిన్‌కి ఎండ పడదు, విరిగిపోతుంది.

కుంకుమభరిణె:
మాస్టారూ, నాదో సందేహం. మా అమ్మమ్మ ఇంట్లోనే కుంకుమ చేసేది. పసుపు కొమ్ములు చితక్కొట్టి, నిమ్మరసంలో వెలిగారం (బోరాక్స్), పటిక కలిపి నానబెట్టి, నీడన ఆరబెట్టి దంచేది. సున్నం ఊసే లేదు. నిమ్మరసం పులుపు, పటికా పులుపు వైపే అంటున్నారు. మరి మీ లెక్కన ఆ కొమ్ములు పచ్చగానే ఉండాలిగా? కుంకుమ ఎర్రగా ఎందుకవుతోంది?

పాత సైన్సు మాస్టారు:
తల్లీ, క్లాసులో నువ్వుంటే నాకు గంట సరిపోయేది కాదు! ఆ ఎరుపు క్షారం తెచ్చిన ఎరుపు కాదు. వెలిగారంలో బోరాన్ అనే మూలకం ఉంది. పులుపు సమక్షంలో, తడి ఆరేకొద్దీ అది కుర్కుమిన్‌ని పట్టుకుని వేరే ఎర్రటి పదార్థం అవుతుంది. ప్రయోగశాలల్లో బోరాన్ ఉందో లేదో పసుపు కాగితంతోనే పరీక్షిస్తారు. తేడా పట్టడం తేలిక. సున్నంతో వచ్చిన ఎరుపు మీద నిమ్మకాయ పిండితే పసుపైపోతుంది. బోరాన్ ఎరుపు నిమ్మరసానికి లొంగదు, పైగా క్షారం తగిలితే నల్లబడుతుంది. అమ్మమ్మగారు నీడన ఎందుకు ఆరబెట్టేవారో పైన ఎండ సంగతి చదివితే నీకే తెలుస్తుంది.

పెద్దల్లుడు:
రెండు మధ్యాహ్నాలు డాబా మీద పరిచాను. మొదటిరోజు సాయంత్రానికి మరక నిమ్మతొక్క రంగుకి దిగింది, రెండోరోజుకి వెతికితే తప్ప కనబడలేదు. అంచు జరీ దగ్గర వేలెడంత మాత్రం మిగిలింది, అది కుచ్చిళ్ళలోకి పోతుంది. అయితే వడియాలు తీయడానికి పైకెక్కిన అత్తగారు పంచె చూసేశారు. "పసుపు మరకేగా, ఎండలో పడేస్తే పోతుందని నన్నడిగితే చెప్పేదాన్ని కదా" అన్నారు. మామగారికి ఇంకా తెలీదు. ఇంట్లో వెలిగారం ఉందా అని ఇందాక ఆవిణ్ణే అడిగాను, అనుమానంగా చూస్తున్నారు.