చెరువుగట్టు గుడి నుంచి వస్తుంటే డీసీఎం వ్యాను గుద్దింది, రోడ్డు మీదనే రాజీ అయిన. ఇప్పుడు అత్తమ్మకు మెడ తిరుగుతలేదు

అన్నలూ, అక్కలూ, జెర దారి చెప్పుండ్రి. మొన్న అమాస నాడు చెరువుగట్టు పోయి మిర్యాలగూడకు తిరిగొస్తున్నం. తిప్పర్తి దాటినంక గొర్ల మంద అడ్డమొస్తే కారు ఆపిన. వెనకకెంచి డీసీఎం వచ్చి గుద్దింది. డిక్కీ వెనక సీటు దాక లోపలికొచ్చింది. సంచిల ఉన్న కొబ్బరి చిప్పలు ఎగిరి ముందటి అద్దానికి తగిలినయ్.

వెనక సీట్ల కూసున్న అత్తమ్మ "నాకేం కాలే బిడ్డా" అన్నది. పది మంది జమైండ్రు. కేసంటే కోర్టుల చుట్టు తిరగాలె, కారు ఠాణాల పెట్టుకుంటరు అన్నరు. డ్రైవరు పిల్లగాడు, చేతులు వణుకుతున్నయ్. వాళ్ల ఓనరు 8 వేలు ఫోన్‌పే కొట్టిండు. "ఇగ మాకు ఏ లావాదేవీ లేదు" అని నోట్‌బుక్ కాయితం మీద నాతోని సంతకం పెట్టించుకున్నరు.

తెల్లారి లేచేసరికి అత్తమ్మకు మెడ కుడి దిక్కు తిరుగుతలేదు, ఎడమ చెయ్యి తిమ్మిరి. షెడ్డు మేస్త్రీ కారుకు 60 వేలు దాటుతదన్నడు. 4 ఫోటోలున్నయ్, ఒకదాంట్ల డీసీఎం నంబరు కనవడ్తది. సంతకం పెట్టినంక ఇగ ఏం చేయరాదా?

జవాబు 1 (నర్సు, 14 ఏండ్ల సంది క్యాజువాలిటీల)

తమ్మీ, కాయితం సంగతి తర్వాత. చెయ్యి తిమ్మిరంటున్నవు, ఈ పూటనే దవాఖానకు తీస్కపో. మెడకు నూనె రాసి మాలిష్ చేయించకు, ఎవరో మెడ సరి చేస్తరంటే అసలే పోకు. గుద్దినప్పుడు ఏం తెల్వదు, తెల్లారి బిగుసుకుంటది. మా దగ్గరికి ఇట్ల రెండో దినం వచ్చేటోళ్లు శానామందే.

జవాబు 2 (దేవరకొండ)

నర్సక్క మాట మీద ఇంకోటి చెప్త. 2023ల మా తమ్ముడు బండి మీద కొండమల్లేపల్లి దిక్కు పోతుంటే ఆటో తగిలింది, కాలు విరిగింది. తీస్కపోయినాయన పుణ్యాత్ముడే, కానీ తొందర్ల కౌంటర్ల "బండి మీదికెంచి పడ్డడు" అన్నడు. వాళ్లు గదే రాసిండ్రు. నొప్పికి ఒర్లుతున్న మనిషి దగ్గర నిలవడి రిజిస్టర్ల ఏం రాసిండ్రో ఎవరు చూస్తరు?

ఏడాదిన్నర అయినంక, ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్ల బీమా కంపెనీ వకీలు ఆ ఒక్క కాయితం లేపి "ఇందులో ఆటో ఎక్కడుంది?" అన్నడు. ఎఫ్ఐఆర్ ఉన్నది, సాక్షి ఉన్నడు, అయినా ఆ ఒక్క లైను మీదనే మూడు వాయిదాలు నడిచినయ్. మా అమ్మ ప్రతి వాయిదాకు టిఫిన్ డబ్బ పట్టుకొని వచ్చేది. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపుల కాలుతది.

గందుకే చెప్తున్న, ఏ తారీఖు, ఏ ఊరు దగ్గర, ఆగిన కారును వెనక నుంచి డీసీఎం గుద్దింది, ఆమె వెనక సీట్ల ఉన్నది, గిదంత చెప్పి రాయించు. ఎమ్మెల్సీ, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే దెబ్బల రిపోర్టు, చేయమని అడుగు. రాసింది నీ కండ్లతోని చదివినంకనే అక్కడికెంచి జరుగు.

జవాబు 3 (అడ్వకేటు, నల్లగొండ)

తమ్ముడూ, సంతకం నీది, దెబ్బ మీ అత్తగారిది. ఆమెకు రావలసిన పరిహారాన్ని నీ సంతకంతో వదిలేసే హక్కు నీకు లేదు. కాబట్టి ఆమె కేసు ఆమెకు ఉంది.

ప్రమాదం జరిగిన చోటు ఏ ఠాణా కిందికి వస్తుందో అక్కడ ఫిర్యాదు ఇవ్వు. ఆలస్యం ఎందుకైందో దాంట్లోనే రాయి: నొప్పి తెల్లారి బయటపడింది. 8 వేలు తీసుకున్న సంగతి దాచకు, ఫోన్‌పేలో కనిపిస్తూనే ఉంటుంది. ఆ చెల్లింపే డీసీఎం అక్కడ ఉందనడానికి నీకు పనికొస్తుంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం మనిషికి దెబ్బ తగిలితే డ్రైవరే 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి.

డీసీఎం నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి, బీమా ఎప్పటిదాకా ఉందో చూసి స్క్రీన్‌షాట్ పెట్టుకో. పరిహారం దరఖాస్తు మీరు ఉండే చోటి ట్రిబ్యునల్లోనే వేయొచ్చు. 2019 సవరణలో పెట్టిన 6 నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అది దాటనీయకు.

కారు విషయంలో మాత్రం నీ సంతకం అడ్డు రావచ్చు. నీ పాలసీలో ఓన్ డ్యామేజ్ (నీ సొంత కారు నష్టానికి బీమా) ఉంటే ఇవాళే బీమా కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకో, రాజీ కాగితం సంగతి కూడా చెప్పు. నష్టం లెక్క కట్టే బీమా సర్వేయర్ చూసేదాకా మేస్త్రీని ఒక్క బోల్టు కూడా విప్పనీయకు.

అడిగినాయన, సాయంత్రం

పోయొచ్చినం. మెడకు కాలర్ వేసిండ్రు, ఎమ్మారై రేపు. దేవరకొండ అన్నా, నువ్వు చెప్పినట్టే చదివిన. "కారులోకెంచి దిగుతుంటే పడ్డది" అని ఉండె! అత్తమ్మ నొప్పికి ఏమన్నదో, రాసినాయన ఏం విన్నడో. డాక్టరును అడిగితే మల్ల అంత విని, ఆ లైను కొట్టేసి సరిగ్గ రాసి, పక్కన సంతకం పెట్టిండు. ఠాణాల ఫిర్యాదు తీసుకొని రసీదు ఇచ్చిండ్రు. సర్వేయర్ రేపు పొద్దుగాల వస్తడట. కొబ్బరి చిప్పలు కూడ కారుల ఎక్కడియి అక్కడనే ఉంచిన.