యూజ్ లైన్లు అటూ ఇటూ మారిస్తే పనిచేస్తోంది, ఇదేం ప్రోటోటైప్?

మిర్చిబస్తా:
అన్నలూ, జర చూడండి. ఎనుమాముల మార్కెట్‌లో మా బాబాయి అడ్తి లెక్కల పెర్ల్ (ప్రోగ్రామింగ్ భాష) స్క్రిప్టు ఒకటే పెద్ద ఫైలుగా ఉండేది, మొన్న దాన్ని లెక్క, బస్తా అని రెండు మాడ్యూళ్లు చేశాను. కాంటా లిస్టునూ బిల్లు లిస్టునూ సరిచూసే పోల్చు అనే ఫంక్షన్ లెక్కలో ఉంది, దాని ప్రోటోటైప్ (ఫంక్షన్‌కు ఏమేం ఎట్ల అందాలో ముందే చెప్పే గుర్తు) (\@\@), అంటే రెండు ఎర్రేలు (లిస్టులు) ఇస్తే రెండు రిఫరెన్సులుగా, అంటే ఆ లిస్టులను చూపే గుర్తులుగా, విడివిడిగా అందాలి. బస్తాలోని ఒక ఫంక్షన్ నుంచి లెక్క::పోల్చు(@కాంటా, @బిల్లు) అని పిలిస్తే, 114ను ఎర్రే రిఫరెన్సుగా వాడలేనని స్ట్రిక్ట్ (తప్పు వాడకాన్ని ఆపే పెర్ల్ సెట్టింగు) మొత్తుకుంటోంది. 114 మొదటి బస్తా నంబరు! మెయిన్ స్క్రిప్టులో మాడ్యూళ్లను లోడ్ చేసే యూజ్ లైన్లలో యూజ్ బస్తాను యూజ్ లెక్క కంటే పైకి తెస్తే అంతా మంచిగుంది. వార్నింగ్స్ ఆన్‌లోనే ఉన్నాయి, ఒక్కటీ రాలేదు. మిర్చి సీజన్, బాబాయి రోజూ ఫోన్లు, పరేషాన్‌లో ఉన్నా.

పాతపెర్ల్:
లెక్క పైన యూజ్ బస్తా, బస్తా పైన యూజ్ లెక్క రాశావా తమ్మీ?

మిర్చిబస్తా:
అవునన్నా, ఎట్ల తెలిసింది?

పాతపెర్ల్:
అందరం ఒకసారి పడ్డ గుంతే. పిలుపును కంపైల్ చేసే క్షణానికి ప్రోటోటైప్ కనబడితేనే పెర్ల్ దాన్ని పట్టించుకుంటుంది, తర్వాత కనబడినా వెనక్కి వెళ్లి సరిచేయదు. ముందు లెక్క లోడైతే అది మొదటి లైన్లలోనే బస్తాను పిలుస్తుంది, బస్తా మళ్లీ లెక్కను అడిగితే అది ఇప్పటికే లోడ్ లిస్టులో ఉందని పెర్ల్ వదిలేస్తుంది, కానీ పోల్చు ఇంకా పుట్టనే లేదు. అందుకే రెండు ఎర్రేలూ ఒకే వరుసగా కలిసిపోయి 114 ముందుకొచ్చింది. ముందే పిలిచావన్న వార్నింగు ఒకే ఫైల్లో మెయిన్ కోడ్ కింద ఫంక్షన్ రాస్తే వస్తుంది గానీ, నీలా సబ్ (ఫంక్షన్) లోపలి పిలుపుకు రాదు. బస్తాలో యూజ్ బదులు రిక్వైర్ పెట్టినా ఇదే కథ, అది రన్ టైములో జరుగుతుంది. ఇవాళ్టికి లెక్కలో యూజ్ బస్తా లైనుకు పైన సబ్ పోల్చు (\@\@); అని బాడీ లేకుండా డిక్లరేషన్ పెట్టు.

కాజీపేటజంక్షన్:
అది పట్టీ వేయడం. పోల్చును రెంటికీ సంబంధం లేని మూడో మాడ్యూల్లోకి తీసెయ్. నేనైతే ప్రోటోటైపే పీకేసి \@కాంటా, \@బిల్లు అని చేత్తో రాస్తా, ఏ వరుసలో లోడైనా ఒకటే. పైగా మెథడ్‌గా పిలిచినా, ముందు & పెట్టినా ప్రోటోటైప్‌ను ఎవడూ చూడడు. రేపు పెర్ల్ 5.36కు మారి యూజ్ వి5.36 రాశావంటే సిగ్నేచర్లు (ఫంక్షన్‌కు అందేవాటి పేర్లు బ్రాకెట్లోనే రాసే పద్ధతి) ఆన్ అయ్యి ఆ బ్రాకెట్టే ఎర్రర్ కొడుతుంది, అప్పుడు :ప్రోటోటైప్ అని విడిగా రాయాలి.

మిర్చిబస్తా:
డిక్లరేషన్‌తో ఇప్పుడు నడుస్తోంది. ప్రోటోటైప్ ఆదివారం పీకేస్తా, అప్పటిదాకా బాబాయికి చెప్పను.