214 యూనిట్లు! జీరో బిల్లు పోయింది

నల్లకుంట పిన్ని:
మాది గృహజ్యోతి కనెక్షన్, అదే, నెలకి 200 యూనిట్ల దాకా ఇంటి కరెంటు ఉచితంగా ఇచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం. చాన్నాళ్లుగా జీరో బిల్లే. ఈసారి రీడింగ్ 214. పద్నాలుగు యూనిట్లకే కదా కట్టాలి అనుకున్నా, 200 దాటితే మొత్తానికీ కట్టాలట! ఏసీ లేదు. ఫ్యాన్లు మూడు, ఫ్రిజ్, గీజర్. మా అత్తగారు ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని "ఇవాళ ఏం కూర వండనూ" అని ఆలోచిస్తారు. అది నావల్ల ఆగేది కాదు. ఇంకెక్కడ తగ్గించను?

మూసాపేట బ్యాచిలర్:
గీజర్ ఎన్ని వాట్లు పిన్నీ?

నల్లకుంట పిన్ని:
2000. పొద్దున అయిదున్నరకి వేస్తే మా చిన్నాడి స్నానం అయ్యేదాకా, అంటే ఏడున్నర దాకా ఆన్‌లోనే ఉంటుంది బాబూ.

మూసాపేట బ్యాచిలర్:
దొంగ దొరికాడు! 2000 వాట్లది గంట కాలితే రెండు యూనిట్లు. వేడెక్కాక అదే ఆగుతుందనుకోండి, కానీ మధ్యలో చల్లారినప్పుడల్లా మళ్లీ కాలుతుంది. అందరూ వరసగా చేసేసి ఆపేయండి.

అంబర్‌పేట అంకుల్:
పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుందమ్మా, బీఎల్‌డీసీది, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారుది, సుమారు 30 వాట్లే. రోజుకి 15 గంటలు తిరిగేది ఒక్కటి మార్చినా నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. ధర ఎక్కువే, హాల్లోది ముందు మార్చండి.

నల్లకుంట పిన్ని:
ఫ్యాన్ దసరాకి చూస్తా అంకుల్. ఇవాళ ఆరింబావుకే గీజర్ ఆపేశా. చిన్నాడు చన్నీళ్లు పోసుకుని నాతో మాట్లాడటం లేదు.