‘కాకతాళీయం’ అనాలా, ‘జత నమోదు’ అనాలా?

ప్రశ్న: చిక్కుపడ్డ (ఎంటాంగిల్డ్, అంటే కొలిస్తే ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి వచ్చే) ఫోటాన్ల, అంటే కాంతి కణాల, కొలతలో తరచూ వచ్చే ‘కోయిన్సిడెన్స్ కౌంట్’కి ‘కాకతాళీయ గణన’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోకపోగా అర్థం తలకిందులవుతుంది. కాకి వాలడానికీ తాటిపండు రాలడానికీ సంబంధం లేదు, ఆ న్యాయమే అది. ఇక్కడ లెక్కపెట్టేది సంబంధం ఉన్నవాటిని. 405 నానోమీటర్ల లేజర్ స్ఫటికంలోంచి పోతుంటే ఏ కొద్ది ఫోటాన్లో చీలి 810 నానోమీటర్ల జంటలవుతాయి. ఒకటి ఈ డిటెక్టర్‌కి, ఇంకొకటి ఆ డిటెక్టర్‌కి. 3 నానోసెకన్ల కిటికీలో, అంటే అంత వ్యవధిలోపు, రెండు క్లిక్‌లూ పడితే ఒకే కాన్పు పిల్లలని రాసుకుంటాం.

అసలైన కాకతాళీయాలు వేరే ఉన్నాయి. ఒక్కో డిటెక్టర్ సెకనుకు లక్ష క్లిక్‌లు ఇస్తే, లక్షను లక్షతో, దాన్ని 3 నానోసెకన్లతో గుణించండి: సెకనుకు 30 దొంగ జతలు. లేజర్ శక్తి రెట్టింపు చేస్తే అసలు జతలు రెట్టింపవుతాయి, దొంగవి నాలుగింతలవుతాయి. కిటికీ ఇరుకు చేస్తే దొంగవి తగ్గుతాయి నిజమే, కానీ డిటెక్టర్ క్లిక్ కొట్టే వేళలో ఉండే తడబాటు కన్నా ఇరుకైతే అసలువీ జారిపోతాయి.

ప్రశ్న: పోనీ, ‘ఏకకాల నమోదు’?

మరో జవాబు: అదీ ఇబ్బందే. ఫైబర్‌లో కాంతికి మీటరుకు దాదాపు 5 నానోసెకన్లు పడుతుంది. ఒక వైపు ఫైబర్ 10 మీటర్లు పొడవైతే జోడీ 50 నానోసెకన్లు వెనకబడుతుంది. ‘ఏకకాలం’ అన్న మాట నమ్మి కిటికీని సున్నా దగ్గర పెడితే దొరికేవన్నీ కాకతాళీయాలే, తప్పు పరికరం మీదికి పోతుంది. ముందు రెండు వైపుల క్లిక్‌ల కాలభేదాలు గ్రాఫ్ గీసి, శిఖరం ఎక్కడ లేస్తే అక్కడ కిటికీ తెరవాలి. ‘జత నమోదు’కి ఈ పేచీ లేదు.

మొదటి జవాబిచ్చినవారు: ఒప్పుకుంటాను. ఒక్క హెచ్చరిక: జత నమోదైనంత మాత్రాన చిక్కు రుజువు కాదు. నిలువు, అడ్డం ధ్రువణాల్లో (కాంతి తరంగం ఊగే దిశల్లో) పొందిక మామూలు జంటలకూ వస్తుంది. ధ్రువణ దిశను మార్చే అర్ధతరంగ ఫలకను 22.5 డిగ్రీలు తిప్పి 45 డిగ్రీల దిశలోనూ చూడాలి. స్ఫటికంలో రెండు ధ్రువణాల మధ్య పుట్టిన ఆలస్యాన్ని సరిచేయకపోతే పొందిక అక్కడే కూలుతుంది. చిక్కును రుజువు చేసే బెల్ పరీక్షకు ధ్రువణం కొలిచే కోణాలు ఒక వైపు 0, 45, రెండో వైపు 22.5, 67.5 డిగ్రీలు. ఆ కోణాల పొందికలు కలిపి లెక్కగట్టిన విలువ 2 దాటాలి, గరిష్ఠం 2.83.

ఈ జతలతో రహస్య తాళం (సందేశాన్ని దాచే బిట్ల వరుస) పంచేటప్పుడు దొంగ జతల్లో సగం తప్పు బిట్లవుతాయి. 270 అసలు జతల్లో 30 దొంగవి కలిస్తే 300లో 15 తప్పులు, అంటే 5 శాతం. మామూలు పద్ధతిలో తప్పులు 11 శాతం దాటితే తాళమే రాదు.

ప్రశ్న: ఇంతకీ ‘చిక్కు’ సరైనదేనా?

మరో జవాబు: భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ 1935లో దీనికి వాడిన జర్మన్ మాట ‘ఫెర్‌ష్రెంకుంగ్’. ఆ భాషలో చేతులు కట్టుకోవడానికీ అదే క్రియ. చిక్కంటే మనకు విప్పాల్సిన తలనొప్పి. నా ఓటు ‘పెనవేత’కి.