1958లో కాలిపోయిన స్కావ్‌బ్రిన్ ఓడ: లిస్టులో మా పెద్దావిడ పేరు దొరకట్లేదు

మెల్‌బోర్న్ కోడలు:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సుని. మా దగ్గరున్న ఒక జర్మన్ పెద్దావిడ చిన్నప్పుడు అమ్మానాన్నలతో స్కావ్‌బ్రిన్ ఓడలో ఆస్ట్రేలియాకు బయల్దేరారట. నడిసముద్రంలో ఓడ కాలిపోయిందని, కట్టుబట్టలతో లైఫ్‌బోట్‌లోకి దించారని చెబుతుంటారు. వాళ్ళబ్బాయి ఆర్కైవ్స్‌లో ఆ ఓడ పేరుతో వెతికితే వేరే సంవత్సరాల లిస్టులే వస్తున్నాయి. "అమ్మకి మతిమరుపు, ఏదో కలిపి చెబుతోంది" అంటున్నాడు. ఆవిడ మాత్రం ప్రతిసారీ అదే చెబుతారు. నిజమేనా అండి?

పాత ఓడల పిచ్చోడు:
అక్షరాలా నిజం మేడమ్. ఆ ట్రిప్పులో స్కావ్‌బ్రిన్ అసలు ఆస్ట్రేలియా చేరనే లేదు. చేరని ఓడకి రాక లిస్టు ఎక్కడ ఉంటుంది!

అది నార్వే వాళ్ళ ఓడ. సరుకుల ఓడగా మొదలుపెట్టి, వలస వెళ్లేవాళ్ళ కోసం ప్యాసింజర్ ఓడగా మార్చారు. 1951 నుంచి యూరప్ జనాన్ని ఆస్ట్రేలియాకు చేరవేసింది. మీకు కనబడుతున్నవి ఆ పాత ట్రిప్పుల లిస్టులే. 1958 మార్చి 31న హిందూ మహాసముద్రంలో ఇంజన్ రూమ్‌లో నూనె పైపు పగిలి, మండిపోతున్న ఎగ్జాస్ట్ మీద పడి అంటుకుంది. ఓడలో ప్రయాణికులే వెయ్యి మందికి పైగా ఉన్నారు. అందరినీ బోట్లలోకి దించేశారు. గుండెపోటుతో ఒక్కరు పోయారు, అంతే. ఇంత పెద్ద ప్రమాదంలో అలా జరగడం నాకైతే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. సిటీ ఆఫ్ సిడ్నీ అనే సరుకుల ఓడ వచ్చి వాళ్ళని ఎక్కించుకుంది. తర్వాత రోమా అనే ఇటలీ ఓడలోకి మార్చి, ఇప్పటి యెమెన్‌లో ఉన్న ఏడెన్ రేవుకి తీసుకెళ్లారు. కాలిన ఓడని లాక్కెళ్తుంటే ఏప్రిల్ 6న మునిగిపోయింది.

ఏడెన్ నుంచి వీళ్ళు వేరే ఓడల్లో వచ్చారు. కాబట్టి నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియా సైట్‌లో ఓడ పేరు పెట్టకండి. ఇంటిపేరు, 1958 పెట్టి చూడండి. ఆవిడ పెళ్లికి ముందు ఇంటిపేరే పెట్టాలి సుమా, చాలామంది అక్కడే తప్పులో కాలేస్తారు. పేరులో జర్మన్ చుక్కల అక్షరం ఉంటే చుక్కలు లేకుండా ఒకసారి, పక్కన ఇంగ్లీషు e అక్షరం చేర్చి ఒకసారి ప్రయత్నించండి.

పెర్త్ బాబాయ్:
ఇంకోటమ్మా. వాళ్ళు ప్రభుత్వ సాయంతో వచ్చిన కుటుంబమైతే వలస ఎంపిక ఫైలు విడిగా ఉండే అవకాశం ఉంది. కొన్నిట్లో ఫోటోలు, మెడికల్ రిపోర్టు కూడా ఉంటాయి. తండ్రి పేరు మీద వెతికించు, అప్పటికి ఆవిడ చిన్నపిల్ల కదా. కొత్తగా వచ్చిన వలసవాళ్ళని మొదట ఉంచే బొనెగిల్లా క్యాంపులో ఉన్నారేమో కూడా అడుగు. అక్కడ ఉన్నవాళ్ళకి రిజిస్ట్రేషన్ కార్డులు రాసేవారు. స్కాన్ ఆన్‌లైన్‌లో లేకపోతే డబ్బు కట్టి కాపీ తెప్పించుకోవచ్చు.

మెల్‌బోర్న్ కోడలు:
చాలా థాంక్స్ అండి. బొనెగిల్లా పేరు ఆవిడ నోట విన్నాను, అదేదో ఊరనుకున్నా. ఈ వెతకడమంతా నేనే చేసి పెట్టనా?

పాత ఓడల పిచ్చోడు:
వద్దు మేడమ్, మీరు ఉద్యోగంలో ఉన్నారు, ఆవిడ వివరాలు బయటకి వెళ్లకూడదు. దరఖాస్తు వాళ్ళబ్బాయి చేతే పెట్టించండి. సిడ్నీలోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఆ ప్రమాదం ఫోటోలున్నాయి, ముందు అవి అబ్బాయికి చూపించండి. మతిమరుపు మాట మళ్ళీ ఎత్తడు.