12 వేల లోపు ఫోన్: ఎయిర్‌టెల్ సిమ్, పొలం ఎండ, నాన్నగారి వాడకం. ఏది తీసుకోవాలి?

కంకిపాడు_కుర్రాడు
నాన్నగారికి ఫోన్ కావాలి. బడ్జెట్ 12 వేలు, మరీ అయితే 13. మొదటి సిమ్ ఎయిర్‌టెల్, రెండోది బీఎస్ఎన్ఎల్. వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే, అప్పుడప్పుడు మీభూమి సైటు. గేములు లేవు. నాలుగేళ్లు రావాలి.
1. 4 జీబీ ర్యామ్ సరిపోతుందా?
2. 5జీ అవసరమా?
3. ఎండలో కనపడాలంటే అమోలెడ్ మంచిదా, ఎల్‌సీడీనా?
4. అప్‌డేట్లు ఎవరు ఎక్కువ కాలం ఇస్తారు?
5. ఇప్పుడున్న ఫోన్‌లో మాట్లాడుతుంటే చెంప తగిలి మ్యూట్ అయిపోతోంది. కొత్తదానిలో అది రాకుండా ఏం చూడాలి?

స్టోరేజే_ప్రాణం
అందరూ ర్యామ్ దగ్గరే ఆగిపోతారు. ఈ ధరలో ఫోన్ రెండేళ్లకే నత్తలా తయారయ్యేది స్టోరేజ్ వల్ల. ఈఎంఎంసీ 5.1 అనే పాత రకం స్టోరేజ్ అయితే చదవడం, రాయడం ఒకేసారి చేయలేదు, ఒకటి అయ్యాకే ఇంకొకటి. పైగా దాని దారి సెకనుకు 400 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. యూఎఫ్ఎస్ 2.2 అనే కొత్త రకం రెండూ ఒకేసారి చేస్తుంది, దారి అంతకు రెండు మూడింతలు. వాట్సాప్ బ్యాకప్ నడుస్తుండగా ఫోన్‌పే తెరిస్తే క్యూఆర్ కెమెరా రావడానికి పది సెకన్లు పడుతుందంటే కారణం ఇదే. స్పెక్ షీట్‌లో స్టోరేజ్ రకం రాయలేదంటే ఈఎంఎంసీ అనుకోండి. యూఎఫ్ఎస్ పెట్టిన కంపెనీ ఆ మాట రాయకుండా ఉండదు.

64 జీబీ వద్దే వద్దు. సిస్టమే 15 నుంచి 20 తినేస్తుంది. మిగిలింది ఫ్యామిలీ గ్రూపుల వీడియోలకు ఏడాది కూడా రాదు. 85, 90 శాతం నిండిన ఈఎంఎంసీ మీద కొత్తగా ఏది రాయాలన్నా పాత బ్లాకులు ఖాళీ చేసుకోవాలి, అక్కడే ఫోన్ బిగుసుకుంటుంది. 128 తీసుకుని, వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి.

ఇంకోటి, "4+4 జీబీ", "6+6 జీబీ" అని ప్రకటనల్లో రాసేది ర్యామ్ కాదు. స్టోరేజ్‌లో కొంత ముక్కను ర్యామ్‌లా వాడుకోవడం. ఈఎంఎంసీ ఫోన్‌లో దాన్ని ఆన్ చేస్తే వేగం తగ్గుతుంది, చిప్ అరుగుతుంది. శాంసంగ్‌లో డివైస్ కేర్, మెమరీ, ర్యామ్ ప్లస్‌లోకి వెళ్లి ఆఫ్ చేసి ఫోన్ రీస్టార్ట్ చేయాలి.

నల్లగొండ_నెటిజన్
మోటో తీసుకోండి. యాడ్స్ తక్కువ.

బడ్జెట్_బాద్షా
ఇంత ఆలోచన ఎందుకు? రెడ్‌మీ ఏ4 5జీ. స్నాప్‌డ్రాగన్ చిప్, 120 హెర్ట్జ్, 5జీ. వచ్చినప్పుడు పదివేల లోపే. మిగిలిన డబ్బుతో మంచి కవరు, గ్లాసు వేయించండి.

టవర్_నీడలో
బాద్షా గారూ, ఆయన సిమ్ ఎయిర్‌టెల్ అని మొదటి లైన్లోనే రాశారు. మీరు చెప్పిన ఫోన్‌లో ఉన్నది స్నాప్‌డ్రాగన్ 4ఎస్ జెన్ 2. అది ఎస్ఏ, అంటే 4జీ ఊతం లేకుండా సొంతంగా నడిచే 5జీ మాత్రమే పట్టుకుంటుంది. ఎయిర్‌టెల్ 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది ఎన్ఎస్ఏతో. ఎన్ఎస్ఏలో ఫోన్ ముందు 4జీకి కట్టుబడి, దాని మీద 5జీని కలుపుకోవాలి. ఆ రెండూ కలిపి పట్టే సామర్థ్యం ఈ చిప్‌లో లేదు. అదే చిప్‌తో వచ్చిన పోకో సీ75 5జీదీ ఇదే సంగతి. ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే పక్కనే 5జీ టవర్ ఉన్నా మీకు వచ్చేది 4జీ.

జియో మొదటి నుంచీ ఎస్ఏ. జియో సిమ్ ఒక్కటే వాడే ఇంట్లో ఈ ఫోన్ బాగానే పనిచేస్తుంది.

బడ్జెట్_బాద్షా
5జీ అంటే 5జీనే. డబ్బా మీద రాశారు. ఒక కంపెనీకి పనిచేసి ఇంకో కంపెనీకి పనిచేయదంటే ఎలా నమ్మాలి? ఎయిర్‌టెల్ కూడా ఎస్ఏ తెస్తోందిగా.

టవర్_నీడలో
తెస్తోంది, కొన్ని చోట్ల. కంకిపాడు పొలంలోకి ఎప్పుడొస్తుందో మీరు తేదీ చెప్పగలరా? చెప్పలేనప్పుడు ఆయన డబ్బుతో పందెం కాయొద్దు. డబ్బా మీద "5జీ" అని ఒక్క ముక్క చూసి కొనే పద్ధతే తప్పంటున్నాను. టవర్ సైట్లలో ఈ సెట్టింగులు పెట్టడమే మా పని, ఊహించి చెప్పడం లేదు.

ఎవరైనా సరే చూడాల్సింది ఇది. స్పెక్ షీట్‌లో "ఎస్ఏ/ఎన్ఎస్ఏ" రెండూ రాసి ఉండాలి. బ్యాండ్లలో (ఫోన్ పట్టుకునే తరంగాల శ్రేణులు) ఎన్78 తప్పనిసరి, జియోకైతే ఎన్28 కూడా. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్, గోడలు దాటి ఇంట్లోకి వస్తుంది. 2022 వేలంలో దాన్ని జియో కొన్నది, ఎయిర్‌టెల్ కొనలేదు. బీఎస్ఎన్ఎల్ 4జీకి బ్యాండ్ 28, బ్యాండ్ 1 ఉండాలి. రెండో సిమ్ బీఎస్ఎన్ఎల్ కాబట్టి ఈ సంగతి మీకు చాలా ముఖ్యం. బ్యాండ్ 28 లేని ఫోన్ అయితే ఊరి చివర 4జీ సిగ్నల్ అందకపోవచ్చు.

ఓరుగల్లు_అన్న
నాన్నకు 5జీ ఎందుకన్నా అసలు? యూట్యూబ్‌కు 4జీ చాలదా? అదే పైసలల్ల 4జీ ఫోన్ తీస్కుంటే అమోలెడ్ వస్తది, ర్యామ్ ఎక్కువొస్తది, చార్జింగ్ 33 వాట్లొస్తది.

టవర్_నీడలో
4జీ టవర్ మీద సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఎంతమంది కూర్చుంటారో చూడండి. 5జీ దారి ఇంకా ఖాళీగా ఉంది. పైగా రోజుకు 2 జీబీ, ఆపైన ప్లాన్లకు జియో, ఎయిర్‌టెల్ రెండూ 5జీ అపరిమితం ఇస్తున్నాయి. యూట్యూబ్ చూసే మనిషికి అది నేరుగా డబ్బు మిగలడమే.

ఓరుగల్లు_అన్న
ఊర్ల 5జీ టవర్ ఉంటే గద! లేకపోతే ఆ అపరిమితం ఏం పనికొస్తది? ముందుగాల ఆ పొలంల ఎవలన్నా 5జీ ఫోన్‌తోని చూసి చెప్పాలె, గప్పుడు లెక్క తేలుతది. మీరు పట్నం లెక్క ఊరికి చెప్తున్నరు.

టవర్_నీడలో
ఈ మాట ఒప్పుకుంటాను. ఎయిర్‌టెల్ 5జీ ఫోన్ ఉన్న పక్కింటివాళ్లను తీసుకెళ్లి ఇంట్లో, పొలంలో, బస్టాండులో మూడు చోట్ల చూడండి. ఎక్కడా 5జీ గుర్తు రాకపోతే అన్నగారి మాటే నా మాట.

జగదీష్_మార్కెట్_చిప్‌లెవెల్
అమోలెడ్ గురించి అన్నారు కాబట్టి. అమోలెడ్ పగిలితే ఒరిజినల్ కాంబోకు (తెర, పై గ్లాసు కలిసిన భాగం) ఫోన్ ధరలో మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. తక్కువలో వేస్తామన్నది కాపీ కాంబో, అంటే ఎల్‌సీడీ. అది మందంగా ఉండి ఫ్రేమ్‌లో సరిగా కూర్చోదు. తెర కింది వేలిముద్ర పనిచేయడం మానేస్తుంది. బ్యాటరీ త్వరగా దిగుతుంది. అదే ఎల్‌సీడీ ఫోన్ అయితే చాలా మోడళ్లకు రెండు వేల లోపు అయిపోతుంది, వేలిముద్ర పక్క బటన్‌లో ఉంటుంది కాబట్టి దానికేం కాదు. పొలంలో, బండి మీద వాడే ఫోన్ పడకుండా ఉండదు.

అమోలెడ్‌లో వచ్చే గ్రీన్ లైన్ సంగతి వేరే. డిస్‌ప్లే అంచున ఫ్లెక్స్ (సన్న రిబ్బన్ తీగ) అతికిన చోట వేడికి, ఒత్తిడికి దెబ్బ తింటే నిలువు గీత పడుతుంది. వారంటీ దాటాక మళ్లీ కాంబో మార్చడమే.

విశాఖ_వీక్షకుడు
చిప్‌లెవెల్ గారు పగిలిన ఫోన్లే రోజూ చూస్తారు, అందుకే అలా అనిపిస్తుంది. పగలని అమోలెడ్లు కోట్లల్లో ఉన్నాయి. ఆయన అడిగింది ఎండ గురించి. ఎండలో అమోలెడ్ ముందు 500 నిట్ల (వెలుగు కొలత) హెచ్‌డీ ఎల్‌సీడీ నిలుస్తుందా? అద్దంలా మన ముఖమే కనపడుతుంది.

జగదీష్_మార్కెట్_చిప్‌లెవెల్
500 నిట్లది తీసుకోమని ఎవరన్నారు? 800 నిట్ల ఎల్‌సీడీలు ఈ ధరలోనే ఉన్నాయి, ఫోన్‌పేలో అంకెలు చదవడానికి అది చాలు. పెద్ద నిట్ల అంకె చూసి మోసపోవద్దు. ప్రకటనలో వేసే "పీక్" తెరలో చిన్న ముక్కకు. తెర మొత్తానికి వచ్చే వెలుగు "హెచ్‌బీఎం" అని రాసిన అంకె. వేడెక్కితే ఏ తెరైనా తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. మే నెల ఎండలో చార్జింగ్ పెట్టి మ్యాప్ నడిపిస్తే ఏ అమోలెడ్ మిమ్మల్ని కాపాడదు.

విశాఖ_వీక్షకుడు
హెచ్‌బీఎం సంగతి నిజమే. అయినా రాత్రి పడుకుని వీడియో చూసేవాళ్లకు ఎల్‌సీడీ బూడిద నలుపు కంటికి హింస. నేను ఇంకా అమోలెడ్ వైపే.

డల్లాస్_తెలుగు
ఇక్కడ రెండేళ్లు వాడిన ఫ్లాగ్‌షిప్ ఎవరైనా వస్తూ తెచ్చిస్తే సరిపోదా? 12 వేల కొత్త ఫోన్ కన్నా అన్ని విధాలా మెరుగు కదా.

టవర్_నీడలో
మూడు చూడాలి. క్యారియర్ లాక్ (ఒకే కంపెనీ సిమ్‌కు కట్టేయడం) తీసి ఉందా? ఫిజికల్ సిమ్ ట్రే ఉందా? అమెరికా ఐఫోన్లలో 14 నుంచి ట్రే లేదు, అంటే ఊళ్లో ఫోన్ పాడైన రోజు సిమ్ తీసి పాత ఫోన్‌లో వేసుకునే వీలు పోయినట్టే. పైన చెప్పిన బ్యాండ్లు ఉన్నాయా? అమెరికా మోడల్‌కు ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో వారంటీ సంగతి కూడా ముందే అడగాలి. పెద్దాయనకు ఈ గొడవలు పెట్టొద్దు.

పాలమూరు_పావురం
కాల్ రికార్డింగ్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? గూగుల్ డయలర్ (కాల్స్ చేసే యాప్) ఉన్న ఫోన్‌లో రికార్డ్ నొక్కగానే అవతలివాళ్లకు ప్రకటన వినపడుతుంది. శాంసంగ్ సొంత డయలర్‌లో రాదు. రియల్‌మీ, ఒప్పోలకు ఓడయలర్ ప్లే స్టోర్‌లో దొరుకుతుంది.

నల్లగొండ_నెటిజన్
షావోమీకి? అదే, రెడ్‌మీ, పోకోలకు?

పాలమూరు_పావురం
ఇక్కడ అమ్మేవాటిలో గూగుల్ డయలరే.

స్టోరేజే_ప్రాణం
షావోమీ తీసుకున్నవాళ్లు మొదటి రోజే యాడ్స్ తీసేయండి. సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్స్ అండ్ సెక్యూరిటీ, అందులో ఆథరైజేషన్ అండ్ రివొకేషన్, అందులో ఎంఎస్ఏ (యాడ్స్ తెచ్చే సిస్టమ్ యాప్) ఆఫ్. నెట్ ఆన్‌లో ఉండాలి. పది సెకన్లు లెక్కపెట్టి "కుదరలేదు" అంటుంది, వదలకుండా మూడు నాలుగు సార్లు నొక్కితే అవుతుంది. లాక్ స్క్రీన్ మీద వచ్చే గ్లాన్స్ బొమ్మలు, వార్తలు వేరేగా ఆపాలి.

కంకిపాడు_కుర్రాడు
అందరికీ కృతజ్ఞతలు. పక్కింటి ఎయిర్‌టెల్ ఫోన్‌తో చూశాను: ఇంట్లో, బస్టాండులో 5జీ ఉంది, పొలంలో లేదు. నాలుగో ప్రశ్న, ఐదో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. చెంప తగిలేదే నాన్నగారికి అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది.

సీమ_సెన్సర్
ఐదోది ప్రాక్సిమిటీ సెన్సర్ (చెంప దగ్గరికి రాగానే తెర ఆర్పేది) సమస్య. చౌక ఫోన్లలో కొన్ని అసలు సెన్సర్ తీసేసి, ఇయర్‌పీస్ నుంచి వినపడని శబ్దం పంపి మైక్‌తో పట్టి చెంప దగ్గరుందో లేదో అంచనా వేస్తాయి. ఫోన్ కాస్త పక్కకు వంగితే, గాలి హోరుంటే లెక్క తప్పుతుంది. తెర వెలుగుతుంది, చెంప మ్యూట్ నొక్కుతుంది. సీపీయూ-జెడ్ యాప్‌లో సెన్సర్స్ పేజీ తెరవండి. ప్రాక్సిమిటీ పేరులో "వర్చువల్", "అల్ట్రాసోనిక్", "ఎలిప్టిక్" అనుంటే అది అసలుది కాదు. షాపులో ఉన్న డెమో ఫోన్‌తోనే ఇది చూడొచ్చు. కాల్ చేసి ఇయర్‌పీస్ దగ్గర అరచేయి పెట్టండి, వెంటనే తెర ఆరాలి. పక్క నుంచి వంచి పెట్టినా ఆరాలి.

ఇప్పుడున్న ఫోన్‌కు ముందు టెంపర్డ్ గ్లాస్ తీసి చూడండి. నల్ల అంచున్న గ్లాసు సెన్సర్‌ను కప్పేసినా ఇదే వస్తుంది.

అదే పేజీలో మాగ్నెటోమీటర్ (దిక్సూచి సెన్సర్) ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే మ్యాప్స్‌లో బాణం ఎటు తిరిగిందో తెలియదు.

నాలుగోది: ఈ ధరలో శాంసంగే ముందు. ఎఫ్06 5జీ, ఎం06 5జీలకు 4 ఆండ్రాయిడ్ వెర్షన్లు, 4 ఏళ్ల సెక్యూరిటీ అన్నారు. డైమెన్సిటీ 6300 చిప్, 800 నిట్ల హెచ్‌డీ ఎల్‌సీడీ, 128 జీబీ. కాకపోతే లెక్క ఫోన్ విడుదలైన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. 2025 ఫిబ్రవరిలో వచ్చింది, కాబట్టి 2029 మొదట్లో అయిపోతుంది. ఏ16 5జీకి ఆరేళ్లు, కానీ అది మీ బడ్జెట్ దాటుతుంది. మెమరీ చిప్‌ల ధరలు 2025 చివరి నుంచి పెరగడంతో పాత రివ్యూల్లో ధరలు ఇప్పుడు సరిపోవు, షాపులో ధర అడిగాకే లెక్క వేసుకోండి.

బడ్జెట్_బాద్షా
శాంసంగ్ డబ్బాలో చార్జర్ ఉండదు. అది కూడా కలిపి చెప్పండి.

సీమ_సెన్సర్
నిజం. 25 వాట్ల పీడీ పీపీఎస్ (వేగంగా చార్జ్ చేసే రకం) అడాప్టర్ ఖర్చు కలుపుకోవాలి. పాత 10 వాట్ల దానితో 5000 ఎంఏహెచ్ నిండాలంటే దాదాపు మూడు గంటలు. రాత్రి పెట్టి పడుకునే ఇంట్లో అదీ నడుస్తుంది.

కంకిపాడు_కుర్రాడు
6 జీబీ, 128 జీబీ ఎఫ్06 వైపు మొగ్గుతున్నాను. ఆన్‌లైన్‌లో కొంటే డెలివరీ రోజున ఏం చూడాలి?

జగదీష్_మార్కెట్_చిప్‌లెవెల్
ఓపెన్ బాక్స్ డెలివరీ (తెచ్చినవాళ్ల ముందే డబ్బా తెరిచి చూసుకోవడం) పెట్టుకోండి. సీల్ తీసే దగ్గర నుంచి వీడియో తీయండి. ఫోన్ చూడకుండా ఓటీపీ చెప్పొద్దు. *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య), డబ్బా మీదిది, బిల్లు మీదిది మూడూ కలవాలి. తర్వాత కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ వేసి 14422కి ఎస్ఎంఎస్ చేయండి. ఫోన్ కంపెనీ, మోడల్ పేరు వస్తుంది. బ్లాక్ అయిందనో, నకిలీ అనో వస్తే తిప్పి పంపేయండి. తెల్లటి బొమ్మ పెట్టి తెర అంచుల్లో మచ్చలు చూడండి. రెండు సిమ్‌లూ వేసి రెండింటితోనూ కాల్ చేయండి, ఒక ట్రేలో సిగ్నల్ రాకపోవడం కొత్త ఫోన్లలోనూ ఉంటుంది. వాపసు గడువు సాధారణంగా వారమే, కాబట్టి డబ్బా, బిల్లు పారేయొద్దు.

ఓరుగల్లు_అన్న
పొలంల 5జీ లేదంటున్నవు గదా. సెట్టింగ్స్‌ల నెట్‌వర్క్ మోడ్ 4జీకి పెట్టి ఇయ్యి. దొరకని 5జీ కోసం ఎతుక్కుంట ఉంటే బ్యాటరీ ఊకె దిగుతది. ఇంటికొచ్చినంక వైఫై ఉంటే దాన్నే వాడమను.

కంకిపాడు_కుర్రాడు
వైఫై లేదు అన్నా. ఇంట్లో అపరిమిత 5జీ కావాలి, పొలంలో 4జీ. రోజూ మార్చడం నాన్నగారికి కష్టం.

టవర్_నీడలో
అయితే ఆటోలోనే వదిలేయండి. ఎన్ఎస్ఏలో ఫోన్ ఎలాగూ 4జీకే కట్టుబడి ఉంటుంది, 5జీ ఉందని టవర్ చెబితేనే వెతుకుతుంది. పొలం టవర్‌లో 5జీ లేదు కాబట్టి వెతుకులాట ఖర్చు పెద్దగా ఉండదు.