గెలిస్తేనే మన బిడ్డనా? నిఖత్ ముచ్చటల నన్ను నేనే అడుక్కుంటున్న

ఇందూరోడు:

అన్నలకు, అక్కలకు నమస్తే. బాక్సింగ్ గురించి నాకు తెల్సింది తక్కువ. గని ఒక ముచ్చట మనసుల నలుగుతున్నది. జర పొడుగైతది, ఓపిక పట్టున్రి.

మాది నిజామాబాద్, పాత పేరు ఇందూరు. పదకొండేండ్లు దుబాయ్‌ల ఏసీ డక్టుల పని జేసి వాపసొచ్చిన. 2015 మే నెలల మా సైట్ స్టోర్‌ల ఇద్దరు ఫిలిప్పీనోలు ఉండె. వాళ్ల దేశం బాక్సర్ పాకియావోకు, అమెరికా బాక్సర్ మేవెదర్‌కు ఫైట్. అది అమెరికాల శనివారం రాత్రయితే మాకు ఆదివారం పొద్దుగాల. అప్పట్ల అక్కడ ఆదివారం డ్యూటీ రోజే, సెలవు శుక్రవారం. ఇద్దరు సిక్ లీవ్ పెట్టిన్రు. ఫోర్‌మన్‌కు సంగతి ఎరుకే, ఏమనలే. నేను నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి పక్క రూంల పదిహేను మంది ఒక్క లాప్‌టాప్ ముంగట ఉన్నరు. బంకు మంచాల మీద గూడ ఎక్కి కూసున్నరు. నడుమ పెద్ద గంజుల నూడుల్స్, పాన్సిట్ అంటరట వాళ్లు. గెలిచినంక తిందామని రాత్రే వండి మూత పెట్టిన్రు.

12 రౌండ్లు అయినయి. జడ్జీలు 118-110, 116-112, 116-112 అని మేవెదర్‌కే ఇచ్చిన్రు. రూంల చప్పుడు లేదు. నేను మెల్లగ లేసి పోదామనుకున్న. అండ్ల పెద్దాయన గంజు మూత దీసి అందరికి ప్లేట్లల్ల పెట్టుడు షురూ జేసిండు. నాకు గూడ పెట్టిండు. తెల్లారి పాకియావో బొమ్మున్న టీషర్ట్ ఏసుకొనే స్టోర్‌కొచ్చిండు. "ఓడిపోయిండు గద" అని నవ్వుకుంట అన్న. నా చేతిల కాగితం తీస్కొని, స్క్రూలు లెక్కపెట్టి ఇచ్చిండు. అంతే.

ఇగ నా సంగతి. 2019ల ఒలింపిక్ క్వాలిఫయర్‌కు మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుంటనే పంపుతరన్న మాటొచ్చినప్పుడు, నాకు గూడ ఒక ఛాన్స్ ఇయ్యున్రని బాక్సర్ నిఖత్ జరీన్ క్రీడల మంత్రికి లెటర్ రాసింది. ఎవరీ నిఖత్ అన్నది మేరీ కోమ్. మా వాట్సాప్ గ్రూప్‌ల దాని మీద జోకులే జోకులు. ఒకటి నేను గూడ నాలుగు గ్రూపులల్ల తోలిన. మా ఊరి పిల్ల, పైకెల్లి వాళ్ల నాయిన గూడ మా లెక్కనే సౌదీల పనిజేసి వచ్చినాయన. డిసెంబర్ 28న ఢిల్లీల ట్రయల్ అయింది. మేరీ 9-1తోని గెలిచింది, షేక్‌హ్యాండ్ గూడ ఇయ్యలే. "మంచిగయింది" అని రాసిన నేను.

2022 మేల ఇస్తాంబుల్ల వరల్డ్ చాంపియన్ అయింది. నా స్టేటస్ "మా ఇందూరు బిడ్డ", పక్కన జెండా. 2023ల ఢిల్లీల మల్ల గెలిచింది, మల్ల స్టేటస్. 2024 ఆగస్టుల పారిస్ ఒలింపిక్స్‌ల 0-5తోని ఓడింది. కండ్లనీళ్లు పెట్టుకుంట జనానికి సారీ చెప్పింది. అదే రోజుల్ల సర్కారు ఆమెకు గ్రూప్-1 ఉద్యోగమిస్తున్నది. "దండగ" అని గ్రూప్‌ల ఎవరో పెడితే బొటనవేలు కొట్టిన.

అడిగేదేందంటే, దీన్ని అభిమానం అంటరా? మీరెవరన్న గిట్లనే చేసిన్రా, నేనొక్కన్నేనా?

విశాఖ_గ్లవ్స్:

తమ్ముడూ, కుర్రప్పుడు మా విశాఖలో నాలుగేళ్లు బాక్సింగ్ చేశాను, జిల్లా దాటలేదులే. 0-5 అని స్కోరు చూసి వదిలేయకు. నిఖత్‌ని ఓడించిన చైనా అమ్మాయి వూ యూ టాప్ సీడ్, అంటే డ్రాలో మొదటి ర్యాంకు. చివరికి గోల్డ్ కూడా ఆవిడే పట్టుకెళ్లింది. మన అమ్మాయికి సీడింగ్ లేదు, అందుకే రెండో బౌట్‌కే ఎదురైపోయింది.

ఇంకోటి బరువు. ఇస్తాంబుల్లో గెలిచింది 52 కిలోల్లో, పారిస్‌లో ఆడాల్సింది 50లో. బౌట్‌కి ముందు తిండీ నీళ్లూ మానేశానని తనే చెప్పింది. రెండు కిలోలే కదా అంటారు జనం. నేను ఆ రెండు కిలోల కోసం మే నెల ఎండలో రెయిన్‌కోటు వేసుకుని బీచ్ రోడ్డు మీద పరిగెత్తేవాణ్ణి. నోట్లో ఉమ్ము కూడా మింగకుండా సీసాలోకి ఊసేవాణ్ణి. ఓసారి తూకం అయ్యాక అరటిపండు ఇచ్చారు. తొక్క ఒలవడానికి వేళ్లు రాలేదు, మా కోచ్ గారే ఒలిచి నోట్లో పెట్టారు. ఆ తరవాత రింగులో మూడు మూళ్లు తొమ్మిది నిమిషాలు. ఇంట్లో కూర్చుని చూసేవాడికి కనపడేది ఆ తొమ్మిదే.

ఉద్యోగం దండగన్నవాణ్ణి ఆ రెయిన్‌కోటు ఓసారి తొడుక్కోమను.

కవర్‌డ్రైవ్:

హాయిగా క్రికెట్ చూసుకోండి బ్రో. ఈ బరువులూ తూకాలూ ఏవీ ఉండవు.

గుంటూరు_సుజాత:

అందరూ నిఖత్ వైపే ఉన్నట్టున్నారు, నేను మేరీ కోమ్ మనిషిని. ఇప్పటికీ. ఆరు వరల్డ్ టైటిళ్లు, లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, అదీ పిల్లల తల్లయ్యాక. 2019లో ఆవిడన్న మాట బాగోలేదు, షేక్‌హ్యాండ్ ఇవ్వకపోవడం అసలు బాగోలేదు. అయినా నేను పార్టీ మారలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో 38 ఏళ్ల వయసులో కొలంబియా అమ్మాయి చేతిలో 2-3తో ఓడిపోయింది. గెలిచాననే అనుకుందావిడ. ఆ రోజు మా స్టాఫ్ రూమ్‌లో "ఇంకా ఎందుకండీ ఈ వయసులో" అన్నారొకరు. మధ్యాహ్నం వాళ్లతో భోంచేయలేదు నేను.

కాబట్టి ఇందూరు అన్నయ్య గారూ, మేరీని ఇష్టపడి ఉంటే 2019లో మీరు చేసినదాంట్లో తప్పేం లేదు. నిజంగా ఇష్టపడ్డారా, లేక ఆవిడ పెద్ద పేరు కాబట్టి అటు చేరారా? అది మీరే చెప్పాలి. టోక్యోలో ఆవిడ ఓడిన రోజు మీ స్టేటస్ ఏంటి?

ఆర్మూర్_పసుపు:

అక్క మంచిగ అడిగింది. నేనింకోటి అడుగుత. బాక్సర్ హుసాముద్దీన్ గూడ మన నిజామాబాదోడే గద. రెండు కామన్వెల్త్ కాంస్యాలు, 2018ల ఒకటి, 2022ల ఒకటి. 2023ల తాష్కెంట్ల వరల్డ్ చాంపియన్‌షిప్ సెమీస్ దాకా పోయిండు. మోకాలు దెబ్బతిని రింగులకే దిగలేకపోయిండు, కాంస్యంతోని వచ్చిండు. వాళ్ల నాయిన షంసముద్దీన్ సారే నిఖత్‌కు సుత మొదట్ల బాక్సింగ్ నేర్పిండు. ఆ పిల్లగానికి నీ గ్రూప్‌ల ఒక్కడన్న జెండా పెట్టిండా? గెల్సుడు ఓడుడు తర్వాత, మన దగ్గర బంగారం కాకుంటే పేరే తెల్వది.

ఇందూరోడు:

సుజాతక్కా, దొరికిపోయిన. టోక్యో అప్పుడు నా స్టేటస్ల ఏం లేకుండె. మేరీ ఓడిందని రెండొద్దులైనంక గని తెల్వలే. మేరీ అంటే నాకేం ప్రేమ లేకుండె అక్కా, మంది ఎటుంటే అటున్న.

ఆర్మూర్ అన్నా, హుసాముద్దీన్ పేరు విన్న, గింత చేసిండని ఎరుక లేదు. వాళ్ల నాయిన ముచ్చటైతే ఇప్పుడే ఇంటున్న.

మీ రాతలు చదివి పాత ఫోన్ ఛార్జింగ్ పెట్టి చూసిన. 2019ల నేను తోలిన ఫార్వర్డ్ ఇంక అట్లనే ఉన్నది. కింద పద్నాలుగు మంది నవ్విన బొమ్మలు. నా దిక్కుకెల్లి డిలీట్ కొట్టిన, వాళ్ల ఫోన్లల్ల ఉంటనే ఉంటది. బొటనవేలు గూడ తీసేసిన. ఇన్ని దినాలకు తీస్తే ఎవరు జూస్తరు, గని తీసిన.

విశాఖ అన్నా, మా చిన్నోడు ఆరో తరగతి. అరటిపండు ముచ్చట జెప్తే రెండుసార్లు చెప్పించుకున్నడు. హుసాముద్దీన్ బౌట్ వీడియో ఎవరి దగ్గరన్న ఉంటే లింక్ పెట్టున్రి, వానికి జూపిస్త. ఓడిందైనా పర్వలేదు.